చేపలు, మంచినీటి రొయ్యలకు మేత, పోషకాలు: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రైతులకు సూచనలు

చేపల సాగులో పెట్టే ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. మేత తూకం తప్పితే చేప ఎదగదు, నీళ్లు చెడిపోతాయి, అప్పు మిగులుతుంది. ఈ మధ్య మేతతో పాటు మినరల్ మిక్స్, ప్రోబయోటిక్, లివర్ టానిక్, గ్రోత్ ప్రమోటర్ అంటూ రకరకాల డబ్బాలు, సీసాలు కూడా పల్లెల దాకా వస్తున్నాయి. వీటిలో కొన్ని పనికొస్తాయి. కొన్ని మన నీటికి అసలు అవసరం లేదు. కొన్నింటిని వాడడం నిషిద్ధం. ఏది ఎప్పుడు అవసరమో, ఏది డబ్బు దండగో రైతు సోదరులు తెలుసుకోవడానికి ఈ వివరాలు ఇస్తున్నాం.

ఒక్క మాట మొదట గుర్తుంచుకోండి. వరుస ఇది: ముందు నీరు, తర్వాత చెరువులో పుట్టే సహజ ఆహారం, ఆ తర్వాత మేత, చివరగా అదనపు పోషకాలు. మొదటి మూడూ సరిగా లేని చెరువులో నాలుగోదాని మీద పెట్టిన డబ్బు నీళ్లలో పోసినట్టే.

మన ప్రాంతంలో గమనించాల్సిన విషయాలు

కోస్తా జిల్లాల్లో, కొల్లేరు చుట్టుపక్కల పనిచేసిన మేత పద్ధతిని ఇక్కడ ఉన్నదున్నట్టు పాటిస్తే కుదరదు. దానికి కారణాలు నాలుగు.

1. కఠిన జలం: ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు భూమి కింద ఉన్నది సున్నపురాయి. కడప రాయిగా పేరున్న బండలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఆ రాయి వల్లే వచ్చాయి. పులివెందుల, వేంపల్లె వైపు డోలమైట్ రాయి ఉంది. అందువల్ల చాలా బోర్ల నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. కేసీ కాలువ నీరు, పెన్నా, కుందూ నీరు పెట్టుకునే చెరువులకు ఈ ఇబ్బంది తక్కువ.

2. ఎండ: ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. లోతు తక్కువున్న కుంటల్లో నీరు బాగా వేడెక్కి చేప మేత మానేస్తుంది.

3. నీరు నిలిచే కాలం: సేద్యపు కుంటల్లో, చిన్న చెరువుల్లో 6 నుంచి 8 నెలలే నీరు ఉంటుంది. ఆలోపే చేప అమ్మకం సైజుకు రావాలి.

4. ముడిసరుకు: ఇది మనకు కలిసొచ్చే విషయం. ప్రొద్దుటూరు నూనె మిల్లుల నుంచి వేరుశనగ చెక్క, పత్తి చెక్క దొరుకుతాయి. జమ్మలమడుగు నల్లరేగడి నేలల్లో బుడ్డ శనగ పండుతుంది. పులివెందులలో అరటి ఆకుకు కొదవ లేదు.

నీటి పరీక్ష లేకుండా ఏదీ కొనకండి

పిల్లలు వదలడానికి ముందే నీటిలో పీహెచ్, క్షారత, కాఠిన్యం చూపించుకోండి. బోరు నీరు, కాలువ నీరు రెండూ వాడేవారు రెండు నమూనాలూ విడిగా ఇవ్వాలి.

- పీహెచ్: 7.5 నుంచి 8.5 మధ్య ఉంటే మంచిది. ఉదయం, సాయంత్రం రెండు పూటలా చూడాలి.
- క్షారత: లీటరుకు 80 నుంచి 200 మిల్లీగ్రాములు సరిపోతుంది.
- కాఠిన్యం: బొచ్చె, శీలావతి, మోసు చేపలు 300 మిల్లీగ్రాములు దాటినా తట్టుకుంటాయి. మంచినీటి రొయ్యకు 50 నుంచి 150 వరకు అనుకూలం. 300 దాటిన నీటిలో రొయ్య సాగు పెట్టుకోకండి.

ఈ పరీక్ష ఫలితాన్ని బట్టే సగం ఖర్చు తగ్గించుకోవచ్చు. ఇప్పటికే కాఠిన్యం ఎక్కువున్న నీటిలో నెలనెలా సున్నం చల్లడం, కాల్షియం సీసాలు పోయడం అనవసరం. చేప తనకు కావలసిన కాల్షియంలో చాలా భాగం మొప్పల ద్వారా నీటి నుంచే తీసుకుంటుంది. పీహెచ్ 7 కంటే తక్కువున్న చోట, లేదా పంట తీశాక అడుగు బురదను శుద్ధి చేయడానికి మాత్రమే సున్నం వాడండి.

సహజ ఆహారం: అన్నిటికన్నా చవకైన పోషకం

నీటిలో పుట్టే పచ్చటి నాచు రేణువులు, కంటికి చిన్న పురుగుల్లా కనిపించే జంతు ప్లవకాలు చేపకు మంచి మాంసకృత్తులు, విటమిన్లు ఇస్తాయి. బొచ్చె పైనీటిలో జంతు ప్లవకాలను, శీలావతి మధ్య నీటిలో ఆహారాన్ని, మోసు అడుగున కుళ్లిన పదార్థాన్ని తింటాయి. ఎకరాకు 2,000 పిల్లలకు మించకుండా వదిలి, నీటి రంగు సరిగా నిలుపుకుంటే విటమిన్ డబ్బాల అవసరం చాలావరకు తప్పుతుంది. పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో చేపకు దొరికే సహజ ఆహారం తగ్గుతుంది. అప్పుడే పై నుంచి ఇచ్చే పోషకాల అవసరం పెరుగుతుంది.

మోతాదు: ఎకరాకు మొదట 800 నుంచి 1,000 కిలోల పశువుల పేడ, ఆపై నెలకు 300 కిలోల వరకు వేయవచ్చు. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ నెలకు 8 నుంచి 10 కిలోలు చాలు. కఠిన జలంలో ఫాస్ఫేటు సున్నంతో కలిసి అడుగుకు దిగిపోతుంది. అందుకని ఒకేసారి వేయకుండా రెండు దఫాలుగా, రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని చెరువంతా చల్లండి.

పరీక్ష: మధ్యాహ్నం ఎండలో చేయి మోచేతి దాకా నీటిలో ముంచండి. అరచేయి మసకగా కనిపిస్తే సరిపోయింది. అరచేయి స్పష్టంగా కనిపిస్తే ఎరువు చాలలేదు. మణికట్టు దాటకముందే వేళ్లు కనబడకుండా పోతే ఎరువు, మేత రెండూ ఆపండి.

చేపకు ఏం కావాలి

- చిన్న పిల్లలకు మేతలో మాంసకృత్తులు 30 నుంచి 35 శాతం.
- పెరుగుతున్న కార్పు చేపలకు 24 నుంచి 28 శాతం.
- కొవ్వు 5 నుంచి 8 శాతం.
- మంచినీటి రొయ్యకు మాంసకృత్తులు 28 నుంచి 32 శాతం.
- కొర్రమీనుకు 40 శాతం దాకా కావాలి. దాన్ని తవుడు, చెక్కతో పెంచలేరు.

చాలామంది రైతులు తవుడు ఎక్కువ, చెక్క తక్కువ కలిపి వేస్తారు. అందులో మాంసకృత్తులు 18, 20 శాతం కూడా ఉండవు. చేప కడుపు నిండుతుంది గానీ కండ పట్టదు. ఎదగడం లేదని టానిక్ కొంటారు. అసలు లోపం చెక్కలో ఉంటే టానిక్ ఏం చేస్తుంది?

దొరికే దినుసుల్లో మాంసకృత్తులు (సుమారు)

- నూనె తీసిన తవుడు (డీఓబీ): 13 నుంచి 16 శాతం
- వేరుశనగ చెక్క: 40 నుంచి 45 శాతం
- సోయా చెక్క: 44 నుంచి 48 శాతం
- నువ్వుల చెక్క: 35 నుంచి 40 శాతం
- పొట్టు తీయని పత్తి చెక్క: 20 నుంచి 25 శాతం
- బుడ్డ శనగ పప్పు నూక: 20 శాతం
- మొక్కజొన్న, జొన్న: 9 నుంచి 10 శాతం
- చేపల పొడి: 50 నుంచి 60 శాతం

ఒకే చెక్క మీద ఆధారపడకూడదు. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. వాటిలో పదింటిని చేప తనంతట తాను తయారు చేసుకోలేదు, మేత నుంచే అందాలి. వేరుశనగ చెక్కలో లైసిన్, మెథియోనిన్ అనే రెండు తక్కువ. సోయాలో, బుడ్డ శనగలో లైసిన్ బాగా ఉంటుంది. నువ్వుల చెక్కలో మెథియోనిన్ ఎక్కువ. అంటే రెండు మూడు రకాల చెక్కలు కలిపితే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. అమైనో ఆమ్లాల సీసా కొనే ముందు ఈ పని చేయండి.

పత్తి చెక్కలో గాసిపాల్ అనే విష పదార్థం ఉంటుంది. అది లైసిన్‌ను పట్టేసి చేపకు అందకుండా చేస్తుంది. మొత్తం మేతలో 10 శాతానికి మించి వాడకండి. పిల్లలకు, తల్లి చేపలకు అసలు పెట్టకండి. పచ్చి సోయా గింజలు, పచ్చి శనగ నూక జీర్ణాన్ని అడ్డుకుంటాయి. సోయా వేయించి నూనె తీసిన చెక్కగానే వాడాలి, శనగ నూక ఉడకబెట్టి కలపాలి.

మేత కలిపే లెక్క

25 శాతం మాంసకృత్తులున్న మేత కావాలనుకోండి. మీ తవుడులో 15, చెక్కలో 42 శాతం ఉన్నాయి. 42 లోంచి 25 తీస్తే 17, అది తవుడు పాళ్లు. 25 లోంచి 15 తీస్తే 10, అది చెక్క పాళ్లు. మొత్తం 27 పాళ్లు. 100 కిలోలకు లెక్కిస్తే తవుడు 63, చెక్క 37 కిలోలు. ఏ రెండు దినుసులకైనా ఇదే పద్ధతి.

100 కిలోల మేతకు రెండు నమూనాలు:

మొదటిది (25 శాతం): నూనె తీసిన తవుడు 60 కిలోలు, వేరుశనగ చెక్క 25, సోయా చెక్క 8, నువ్వుల చెక్క 5, మోనో కాల్షియం ఫాస్ఫేట్ 1, చేపల విటమిన్-ఖనిజ మిశ్రమం 1 కిలో.

రెండోది (23 శాతం, ఖర్చు తక్కువ): నూనె తీసిన తవుడు 55 కిలోలు, వేరుశనగ చెక్క 28, ఉడికించిన బుడ్డ శనగ నూక (ఉడకక ముందు తూకం) 15, మోనో కాల్షియం ఫాస్ఫేట్ 1, విటమిన్-ఖనిజ మిశ్రమం 1 కిలో.

చెక్కను రాత్రి నానబెట్టి ఉదయం తవుడుతో కలపండి. నానిన చెక్క మరుసటి పూటకు నిల్వ ఉంచకండి, పులిసి బూజు పడుతుంది. ఉడికించినది పూర్తిగా చల్లారాకే విటమిన్లు, ప్రోబయోటిక్‌లు కలపాలి. వేడి వాటిని చంపేస్తుంది.

ఎంత వేయాలి, ఎలా వేయాలి

చేపల మొత్తం బరువును బట్టి రోజుకు:

- 50 గ్రాముల లోపు చేపకు: బరువులో 4 నుంచి 5 శాతం
- 50 నుంచి 300 గ్రాములకు: 3 శాతం
- 300 నుంచి 500 గ్రాములకు: 2 నుంచి 2.5 శాతం
- ఆపైన: 1.5 నుంచి 2 శాతం

ఉదాహరణ: ఎకరా చెరువులో 2,000 పిల్లలు వదిలారు. 1,800 బతికి ఉన్నాయని అంచనా. విసురు వలతో 30 చేపలు పట్టి తూస్తే సగటు 250 గ్రాములు వచ్చింది. మొత్తం బరువు 450 కిలోలు. 3 శాతం చొప్పున రోజుకు 13.5 కిలోల మేత. 15 రోజులకోసారి ఇలా తూచి మోతాదు మార్చాలి. కంటి అంచనాతో వేసే మేత ఎప్పుడూ ఎక్కువో తక్కువో అవుతుంది.

పొడి మేతను చెరువులో చల్లితే సగం కరిగిపోతుంది. కొల్లేరు ప్రాంత రైతులు అలవాటు చేసిన సంచుల పద్ధతి మనకూ అనుకూలమే. ప్లాస్టిక్ సంచి అడుగు భాగంలో రెండు వరుసలుగా రంధ్రాలు చేసి, మేత నింపి, గెడలకు గాని తాడుకు గాని వేలాడదీయాలి. సంచి సగం నీటిలో ఉండాలి. ఎకరాకు 4 నుంచి 8 సంచులు చాలు. చేపలు రంధ్రాలను పొడిచి తింటాయి. రెండు మూడు గంటల తర్వాత సంచి ఎత్తి చూడండి. మేత మిగిలితే మరుసటి రోజు తగ్గించండి, గంటలోనే అయిపోతే కొద్దిగా పెంచండి. సంచులు ఉతికి ఎండబెట్టాలి. ఎరువులు, పురుగుమందుల ఖాళీ సంచులు వాడకండి.

ఉదయం 8 నుంచి 9 గంటల మధ్య ఒకసారి, కుదిరితే సాయంత్రం 4 గంటలకు ఒకసారి వేయండి. వారానికి ఒక రోజు మేత మానేస్తే నష్టం లేదు, అడుగున మిగిలింది కూడా తింటాయి.

గడ్డి చేప ఉన్న చెరువులో అరటి లేత ఆకులు, పశుగ్రాసం వేయవచ్చు. మందు కొట్టిన తోటలో ఆకు మాత్రం ముట్టుకోకండి. అజొల్లా మంచిదే కానీ లెక్క తెలుసుకోండి. పచ్చి అజొల్లాలో 93, 94 శాతం నీరే. 10 కిలోల పచ్చి అజొల్లాలో ఉన్న మాంసకృత్తులు సుమారు 150 గ్రాములు. అంటే 350 గ్రాముల వేరుశనగ చెక్కతో సమానం. అది చెక్కకు తోడు మాత్రమే.

అదనపు పోషకాలు: ఏది అవసరం, ఏది కాదు

భాస్వరం: ఇది ముఖ్యం. కాల్షియం నీటి నుంచి దొరికినట్టు భాస్వరం దొరకదు, మేత నుంచే రావాలి. తవుడులో భాస్వరం ఉన్నా అది ఫైటేట్ రూపంలో ఉండి చేపకు అరగదు. కార్పు చేపలకు మనలా ఆమ్లం ఊరే పొట్ట ఉండదు. అందుకే డై కాల్షియం ఫాస్ఫేట్ వీటికి సగం మాత్రమే వంటబడుతుంది. మోనో కాల్షియం ఫాస్ఫేట్ అయితే చాలావరకు వంటబడుతుంది. ధర కొంచెం ఎక్కువైనా అదే కొనండి. మోతాదు 100 కిలోల మేతకు ఒక కిలో.

విటమిన్ సి: ఇది లోపిస్తే వెన్ను వంకర పోతుంది, మొప్ప మూత పొట్టిగా ఉంటుంది, గాయాలు మానవు. మామూలు విటమిన్ సి నీటిలో క్షణాల్లో కరిగిపోతుంది. పూత పూసినది గాని ఫాస్ఫేటు రూపంలో ఉన్నది గాని తీసుకోండి. కిలో మేతకు 300 నుంచి 500 మిల్లీగ్రాములు చాలు. పిల్లలు వదిలిన మొదటి నెల, వలలు లాగిన తర్వాత, ఎండాకాలంలో ఇది బాగా ఉపయోగపడుతుంది. పిల్లల సంఖ్య తక్కువుండి నీరు పచ్చగా ఉన్న చెరువులో రోజూ అక్కర్లేదు.

విటమిన్-ఖనిజ మిశ్రమం: సొంతంగా మేత కలిపే వారికి 1 శాతం చాలు. కంపెనీ గుళికల మేత వేసేవారికి మళ్లీ కలపనవసరం లేదు, అందులో ముందే ఉంటాయి. పశువుల మినరల్ మిక్స్ వాడకండి. అది పాడి పశువుకు తగ్గట్టు తయారైంది, అందులో కాల్షియం ఎక్కువ. మన నీటిలో ఉన్నది కూడా అదే.

ప్రోబయోటిక్: మేతలో కలిపేవి వేరు, నీటిలో చల్లేవి వేరు. డబ్బా మీద బాక్టీరియా పేరు, గ్రాముకు ఎన్ని కణాలు, తయారైన తేదీ, గడువు ఉండాలి. ఇవి లేని డబ్బా తీసుకోకండి. పొటాషియం పర్మాంగనేట్, అయోడిన్ లాంటి శుద్ధి మందులు వేసిన రోజుల్లో వేస్తే ఆ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. కనీసం మూడు నాలుగు రోజులు ఆగండి. ఎండలో, దుకాణం రేకుల కింద ఉన్న డబ్బాలో బతికున్నవి ఎన్నో చెప్పలేం. తక్కువ ఖర్చులో కావాలంటే తవుడు, బెల్లం నీరు, బేకరీ ఈస్ట్ కలిపి 24 గంటలు పులియబెట్టి మేతలో కొద్దిగా కలపవచ్చు.

లివర్ టానిక్, గ్రోత్ ప్రమోటర్: కార్యం చెడినది ముక్కిన చెక్క వల్ల అయితే టానిక్ బాగు చేయదు. చెక్క మార్చాలి. అందులో ఏముందో చీటీ మీద రాయని ‘గ్రోత్’ సీసాలను అసలు నమ్మకండి.

కొనే ముందు ఒక లెక్క వేయండి. సీజనుకు టానిక్‌ల మీద 4,000 రూపాయలు పెడుతున్నారనుకోండి. చెరువు గట్టున చేప కిలో 100 రూపాయలు పలికితే, ఆ ఖర్చు తిరిగి రావడానికే 40 కిలోల చేప అదనంగా రావాలి. అమ్మేవాడిని ఆ 40 కిలోల గురించి అడగండి.

బూజు: కనబడని నష్టం

వేరుశనగ మన పంటే, చెక్క మన మిల్లుదే. కానీ కాయ కోత సమయంలో వాన పడినా, చెక్క తేమలో నిల్వ ఉన్నా ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే కారణం వెతికారు. చివరకు తేలింది, దిగుమతి చేసుకున్న వేరుశనగ చెక్కలోని ఈ విషమే. చేపల్లో ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. చేప ఒక్కసారిగా చావదు. మేత తింటూనే ఎదగదు, రోగాలకు లొంగిపోతుంది. కోసి చూస్తే కాలేయం పాలిపోయి ఉంటుంది.

ఉడకబెట్టినా ఎండబెట్టినా ఈ విషం పోదు. టాక్సిన్ బైండర్ కలిపితే కొంత పట్టుకుంటుందే గాని బూజు పట్టిన చెక్కను మంచి చెక్కగా మార్చదు.

జాగ్రత్తలు:
- చెక్క విరిచి వాసన చూడండి. ముక్క వాసన, పచ్చ, నలుపు మచ్చలు ఉంటే వెనక్కి ఇవ్వండి.
- 12 శాతానికి మించి తేమ ఉండకూడదు. బాగా ఎండిన చెక్క విరిస్తే టక్కున విరుగుతుంది.
- నేల మీద కాకుండా చెక్క బల్లల మీద, గోడకు అడుగు దూరంలో నిల్వ చేయండి.
- నెలకు సరిపడా మాత్రమే కొనండి. నూనె తీయని తవుడు రెండు వారాలకే ముక్కుతుంది.
- తవుడు ఒక గుప్పెడు గ్లాసు నీటిలో కలిపి వదలండి. అడుగున ఇసుక దిగినా, పైన ఊక తేలినా కల్తీ తెలిసిపోతుంది.

మంచినీటి రొయ్య పెట్టేవారికి

నీలకంఠ రొయ్యను నీటి కాఠిన్యం చూశాకే పెట్టండి. కఠిన జలంలో రొయ్య గుల్ల మీద సున్నం పేరుకుని ఎదుగుదల ఆగిపోతుంది. దానికి మేతలో మందు లేదు. కాలువ నీరు దొరికే చెరువులే దీనికి తగినవి.

రొయ్య రాత్రి తిరిగే జీవి. రోజు మేతలో 60 శాతం సాయంత్రం, 40 శాతం ఉదయం వేయండి. అడుగుకు మునిగి రెండు గంటలైనా కరగని గుళిక కావాలి. తవుడు, చెక్క పొడి దీనికి పనికిరాదు. గట్టు వెంబడి లోతు తక్కువున్న చోట చల్లి, ఎకరాకు రెండు మూడు చెక్ ట్రేలు పెట్టి చూసుకోండి.

రొయ్య తనంతట తాను కొలెస్ట్రాల్ తయారు చేసుకోలేదు. అది లేకపోతే గుల్ల విడవలేక చస్తుంది. చేపల పొడి, రొయ్య తల పొడి కలిసిన మేతలో అది దొరుకుతుంది. గుల్ల విడిచిన రొయ్య మెత్తగా ఉంటుంది, మిగతావి దాన్ని తినేస్తాయి. కొమ్మలు, పైపు ముక్కలు, పాత టైర్లు వేసి దాక్కునే చోటు కల్పించండి. నీలి పట్టెల పెద్ద మగ రొయ్యలను ఎప్పటికప్పుడు పట్టి అమ్మితే చిన్నవి ఎదుగుతాయి.

పిల్ల దశలో తోక తెల్లబడి గుంపుగా చస్తే అది తెల్ల తోక వ్యాధి, వైరస్ వల్ల వస్తుంది. ఏ పోషకమూ దాన్ని నయం చేయదు. పరీక్ష చేయించిన పిల్లలను కొనడమే దారి.

ఎండ, మబ్బు, చలి

- నీటి లోతు 5, 6 అడుగులకు తగ్గకుండా చూడండి. వేసవిలో మేత ఉదయం 7 గంటలకే వేయండి, మధ్యాహ్నం వేయకండి. నీరు 34 డిగ్రీలు దాటితే సగానికి తగ్గించండి.
- మబ్బు పట్టిన రోజు, తెల్లవారుజామున చేపలు పైకి తేలి గుటకలు వేస్తున్నప్పుడు మేత, పేడ రెండూ ఆపేయండి. అప్పుడు కావలసింది ప్రాణవాయువు. కొత్త నీరు పెట్టండి, ఏరేటర్ తిప్పండి.
- డిసెంబరు, జనవరిలో నీరు చల్లబడితే ఆకలి తగ్గుతుంది. మిగులు చూసి మోతాదు తగ్గించండి.
- నీరు 6 నుంచి 8 నెలలే నిలిచే కుంటల్లో వేలెడు పిల్లల బదులు 100 గ్రాములున్న ఏడాది పిల్లలు వదలండి. ఇరుకు చెరువులో ఆకలితో ఆగిపోయిన ఈ పిల్లలు మేత, చోటు దొరికితే వేగంగా ఎదుగుతాయి. కాలం కలిసిరావడానికి ఇది ఏ టానిక్ కన్నా మేలైన మార్గం.

నిషేధించినవి, కొనేటప్పుడు చూడాల్సినవి

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయోటిక్స్ చేపలు, రొయ్యల సాగులో నిషిద్ధం. రోగం లేకుండా ‘ముందు జాగ్రత్త’ అని ఏ యాంటీబయోటిక్ మేతలో కలపకండి. సరుకులో అవశేషాలు బయటపడితే లోడు మొత్తం తిరిగి వస్తుంది. కోళ్ల దుకాణాల వ్యర్థాలు మేతగా వేయడం, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంచడం కూడా నిషిద్ధం.

మేతల నాణ్యత కోసం మన రాష్ట్రంలో 2020లో చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టం వచ్చింది. కాబట్టి మేత సంచి మీద మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ శాతాలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు ఉన్నాయో లేదో చూడండి. బిల్లు అడిగి తీసుకోండి. ప్రతి బ్యాచ్ నుంచి అర కిలో మేత సీలు వేసి తీత దాకా దాచుకోండి. చేప ఎదగకపోతే మీ దగ్గర ఉండే ఆధారం అదే.

లెక్క రాసుకుంటేనే లాభం తెలుస్తుంది

ఎకరా చెరువులో 100 గ్రాముల పిల్లలు 2,000 వదిలారు, అంటే 200 కిలోలు. తీతలో 900 గ్రాముల చేపలు 1,700 వచ్చాయి, అంటే 1,530 కిలోలు. పెరిగిన బరువు 1,330 కిలోలు. మేత 3,990 కిలోలు పట్టింది. 3,990ని 1,330తో భాగిస్తే 3. అంటే కిలో చేపకు 3 కిలోల మేత. సరిగా కలిపి, తూచి వేసి దాన్ని 2.5కు తగ్గించగలిగితే 665 కిలోల మేత మిగులుతుంది. అది 50 కిలోల సంచులు 13.

గుళికల మేత కొనాలా, సొంతంగా కలపాలా అన్నదీ ఈ లెక్కతోనే తేలుతుంది. కిలో మేత ధరను ఆ అంకెతో గుణించండి. ఉదాహరణకు సొంత మేత 25 రూపాయలు, 3 కిలోలు పడితే కిలో చేపకు 75 రూపాయలు. గుళికలు 45 రూపాయలు, 1.6 కిలోలు పడితే 72 రూపాయలు. సంచి ధర చూసి భయపడకుండా కిలో చేపకు అయ్యే ఖర్చు చూడండి. ఈ ధరలు లెక్క తెలియడానికే, మీ ఊరి ధరలు వేసుకోండి.

నోటుపుస్తకంలో తేదీ, వేసిన మేత, సగటు బరువు, చచ్చిన చేపలు, కొన్న మందులు రాయండి. కొత్త పోషకం ఏదైనా వాడాలనిపిస్తే మిగతా ఏమీ మార్చకుండా ఒక్కదాన్నే నెల రోజులు వాడి, ముందు నెల ఎదుగుదలతో పోల్చండి. రెండు కుంటలున్నవారు ఒకదానిలోనే వాడి చూడండి.

రైతులు తరచూ అడిగేవి

బోరు నీటి కుంటలో కాల్షియం కలపాలా?
నీటి కాఠిన్యం 150 దాటి ఉంటే అక్కర్లేదు. మేతలో భాస్వరం చూసుకోండి.

చేపల వెన్ను వంకర పోతోంది. ఏం లోపం?
విటమిన్ సి గాని భాస్వరం గాని తగ్గి ఉండవచ్చు. పక్క పొలం నుంచి పురుగుమందు నీరు వచ్చినా ఇలాగే అవుతుంది. రెండూ చూడాలి.

మేతకు విటమిన్ అతుక్కోవడానికి ఏం వాడాలి?
చల్లారిన గంజి చాలు. కలిపి నీడలో అరగంట ఆరబెట్టి వేయండి.

చేప తల పెద్దది, ఒళ్లు సన్నగా ఉంది. టానిక్ వేయాలా?
ముందు తూచి చూడండి. అది ఎక్కువగా మేత చాలకపోవడమో, పిల్లలు ఎక్కువ కావడమో. పేనుందేమో కూడా చూసుకోండి.

సలహా కోసం మీ మండల మత్స్యశాఖ సిబ్బందిని, రైతు సేవా కేంద్రాన్ని, కడప దగ్గర ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగవచ్చు. మంచినీటి చేపల మేతల మీద భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ, నెల్లూరు జిల్లా ముత్తుకూరు మత్స్య కళాశాల పనిచేస్తున్నాయి. వెళ్లేటప్పుడు నీటి పరీక్ష చీటీ, మీ నోటుపుస్తకం, వాడుతున్న మేత గుప్పెడు వెంట తీసుకెళ్లండి. అవి చూస్తేనే ఎవరైనా మీ చెరువుకు సరిపడే సలహా చెప్పగలరు.